ఆఖరి గది అలారం

చచ్చిపోయిన మనిషి మర్నాడు పొద్దున ఎప్పటిలాగే డ్యూటీ ఎక్కాడు.

"రాత్రి షిఫ్టు వాళ్ళు ఇళ్ళకి పోండి. పగలు వాళ్ళు ఆ నిద్రమొహాలు కడుక్కొచ్చి కుర్చీల్లో కూర్చోండి" అన్నాడు, కంట్రోల్ రూము పైకప్పుకి బిగించిన స్పీకర్లలోంచి.

కింద ఉన్నవాళ్ళు కదల్లేదు. ఆ మాట అన్న మనిషిని ముందురోజు మధ్యాహ్నం వాళ్ళే ఆఖరి కోల్డ్ రూములోంచి మోసుకొచ్చారు. కనుబొమల మీద మంచు. గోళ్ళ సందుల్లో తలుపు రంగు. ఆ తలుపు ఆటోమేటిక్. లోపలినుంచి తీసే పిడి పనిచెయ్యలేదు. 'సాఫ్ట్‌వేర్ లోపం' అని రిపోర్టు రాసి సంతకాలు పెట్టేశారు.

స్పీకర్లో గొంతు ఆయనదే, మాట్లాడేది మాత్రం మెషీన్ అని వాళ్ళందరికీ తెలుసు. తెలిసినా, ఆ గొంతు పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడి "వచ్చా సార్" అని కప్పు వంక చూసి చెప్పేవారు.

అప్పటినుంచి రోజూ భోజనాల బెల్లుకి ముందు ఆ గొంతు ఒక మాట అంటోంది.

"ఆఖరి గది తలుపు తియ్యండి. లోపల మనిషున్నాడు."

మొదట్లో పరిగెత్తుకెళ్ళి తీశారు. తెల్లటి పొగలాంటి చలి తప్ప లోపల ఏమీ లేదు. తరవాత తియ్యడం మానేశారు. ఆ తరవాత అటువైపు నడవడమే మానేశారు.

* * *

"అదీ సంగతి" అంది టీచరమ్మ.

నిఘా డిపార్ట్‌మెంట్ చీఫ్ ఆవిడ. తప్పు చేసినవాణ్ణి కూర్చోనివ్వకుండా నిలబెట్టి అడుగుతుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఇవాళ మాత్రం ఎదుటి మనిషికి కుర్చీ చూపించింది. ఆ మర్యాదకే అతనికి భయమేసింది.

అతను ముక్కు తుడుచుకున్నాడు. ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా పడిశం. సర్వీసులో అతని మారుపేరు జలుబు.

"బిజినెస్ ఏంటో చెప్పు" అంది, పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు.

"మందుల కోల్డ్ స్టోరేజి. టీకాలు, రక్తం, పాము విషానికి విరుగుడు. ఆసుపత్రి అడక్కముందే ఎంత కావాలో ఏఐ అంచనా కడుతుంది. గిడ్డంగిలో రోబోలు తీసి బండికెక్కిస్తాయి. బండి ఏ దారిన పోవాలో క్లౌడ్‌లోంచి ఆర్డరొస్తుంది. అన్నిటికీ గొంతు ఒక్కటే. మా మామయ్యది."

"ఆయన గొంతే ఎందుకు?"

"మొదట తియ్యటి ఆడగొంతు పెట్టారు. డ్రైవర్లు పాటలా విని ఊరుకున్నారు. మామయ్య గొంతు పెట్టాక ఉలిక్కిపడి బళ్ళు తీశారు. కంట్రోల్ రూములో ఆయన జీవితమంతా మాట్లాడిన ఫోన్లన్నీ రికార్డుల్లో ఉన్నాయి. వాటితో మోడల్‌కి ట్రైనింగిచ్చారు."

టీచరమ్మ తల పంకించింది. "ఇప్పుడు ఆ గొంతులు రెండు. పాతది అదే బిల్డింగ్‌లో, ఇనప బోనులో ఉన్న సర్వర్. కొత్తది క్లౌడ్‌లో. ప్రస్తుతం జోడెడ్లలా నడుస్తున్నాయి. గదులకీ బళ్ళకీ ఆర్డరేదైనా రెండూ ఒప్పుకోవాలి. ఒకటి చస్తే రెండోది ఒక్కటే చాలు. తలుపులూ, ఫైర్ గ్యాసూ ముందే క్లౌడ్‌కి మారాయి. అలారాలూ మార్చారు కానీ, మీ మామయ్య పోయాక భయపడి వెనక్కి పాతదానికే తెచ్చారు."

"ఇందులో మనకేం పని? ముఠా ఏదైనా దిగిందా?"

"మనం పెట్టిన పేరు వడగాలి. సరిహద్దు అవతలి వాళ్ళు. గదుల్ని కాసేపు వేడెక్కించి మళ్ళీ చల్లబరుస్తారు. టెంపరేచర్ రికార్డు దిద్దేస్తారు. సీసా చల్లగానే ఉంటుంది. లోపలి మందు చచ్చి ఉంటుంది. పాము కరిచినవాడికి నీళ్ళు ఎక్కించినట్టే."

"వాళ్ళకేం ఒరుగుతుంది?"

"జనం పోతున్నారని గోల మొదలవగానే వాళ్ళ మందు ఓడల్లో దిగుతుంది." ఆవిడ గొంతు తగ్గించింది. "ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. బయటికి, ఆ కంపెనీ పనుల్ని క్లౌడ్‌కి మార్చే మైగ్రేషన్ హెడ్. పాత సర్వర్‌కి ముఠా వైరస్ పురుగు పట్టిందట. ఇవాళ భోజనాల బెల్లుకి వేడి ఆర్డరు అదే ఇచ్చి కొత్తదాన్నీ ఒప్పిస్తుందట. ఆ బోనుకి సీలు మనది, తీసే అధికారం మనకే ఉంది. వెళ్ళి చంపెయ్."

"మామయ్యనా?"

"సర్వర్‌ని."

"అదే."

ఆవిడ మొదటిసారి చూపు తిప్పుకుంది. "తలుపు క్లౌడ్‌దే అయినా, మీ మామయ్యని లోపలపెట్టి మూయించింది కూడా అదేనేమో. అది గుర్తుపెట్టుకుంటే చెయ్యి వణకదు."

బల్ల మీద ఒక ఇన్‌హేలర్ పెట్టింది. జలుబుగాళ్ళు ముక్కులో పెట్టుకునే మామూలు గొట్టం. "పోర్టులో గుచ్చి అడుగు తిప్పు. దాని వెనకున్నదంతా మాడిపోతుంది. ఒక్కసారే పనిచేస్తుంది. ముక్కులో పెట్టుకోకు, నీ బుర్ర కూడా ఎలక్ట్రిక్ సరుకే."

తల్లి పోయాక జలుబుని తెచ్చి పెంచింది ఆ మామయ్య. బడి అయ్యాక కంట్రోల్ రూములో బల్ల కింద కూర్చోబెట్టేవాడు. పైన ఆయన తిట్లు, కింద వీడి హోంవర్కు, మధ్యమధ్యలో ఫోన్లలో రికార్డయిపోయే వీడి తుమ్ములు. ఉద్యోగం వచ్చాక అండర్‌కవర్ పేరు చెప్పి అంత్యక్రియలకి కూడా పోలేకపోయాడు. ఇప్పుడు పోతున్నాడు, రెండోసారి చంపడానికి.

* * *

కంప్రెసర్ మెకానిక్ వేషం. గ్రీజు మరకల ఓవరాల్స్, చేతిలో పానాల సంచి.

కోల్డ్ రూముల వరండా పొడుగ్గా, తెల్లగా, గాజుగుడ్డలో చుట్టినట్టుంది. ఫ్యాన్ల హోరు తప్ప శబ్దం లేదు. రోబో బళ్ళు మనిషి కనిపిస్తే ఆగి, దారిచ్చి, మళ్ళీ కదులుతున్నాయి. ఆఖరి గది దగ్గర మాత్రం మనిషి లేకపోయినా ఆగుతున్నాయి. ఒక్క క్షణం ఆగి, ఎవరికో దారిచ్చి పోతున్నాయి.

ఆ తలుపు పక్కన కొక్కేనికి ఒక మందపాటి కోటు వేలాడుతోంది. మోచేతుల దగ్గర అతుకులు. మామయ్యది. చలిగదిలోకి కోటు లేకుండా పోయినవాణ్ణి ఆయన బతకనిచ్చేవాడు కాదు. మరి ఆయన లోపల చస్తే కోటు బయటెందుకుంది? జలుబు దాన్ని మొహానికి ఆనించుకున్నాడు. పడిశం మూలాన ఏ వాసనా తెలియలేదు.

కంట్రోల్ రూములో డిస్పాచి అక్క ఫోన్లో ఉంది. అవతల డ్రైవరు.

"ఏంటీ, రక్తం దింపి టీకాలు ఎక్కించుకుంటావా? బాగానే విన్నావే! రెండూ దింపాలిరా నాయనా." ఫోను పెట్టేసి మెకానిక్ వంక చూసి నవ్వింది. "కంగారుపడకండి. వాడు కావాలనే తప్పు చెప్పాడు. మా పెద్దాయన పెట్టిన పద్ధతి. ఆర్డరు తిరిగి అప్పజెప్పేటప్పుడు ఒక ముక్క తప్పు చెప్పాలి. ఇచ్చినవాడు పట్టుకుని తిడితే వింటున్నట్టు. 'ఆఁ, సరే' అన్నాడా, నిద్రపోతున్నట్టు. ఆ ఆర్డరు చెల్లదు."

ఆ సంగతి బల్ల కింద పెరిగినవాడికి చెప్పక్కర్లేదు. అయినా అప్పుడే తెలిసినట్టు మొహం పెట్టాడు. "తిట్టేవాడా పెద్దాయన?"

"తిట్టడమా? ఆయన తిడితే ఫోను వేడెక్కేది." ఆమె కళ్ళు కప్పు వైపు పోయాయి. "ఇప్పుడూ తిడతాడు. అదే..."

మాట పూర్తికాలేదు. జలుబుకి తుమ్మొచ్చింది. ఆపుకోబోయాడు. ముక్కు నొక్కుకుంటే రెండింతలై బయటపడింది.

పైన స్పీకరు చిటపటలాడింది.

"ఎవడ్రా అది?" అంది చచ్చిపోయిన మామయ్య గొంతు. కొంచెం ఆగింది. మళ్ళీ పలికినప్పుడు ఆ గొంతు వంగి బల్ల కింద ఎవరికోసమో చూస్తున్నట్టుంది. "ఒరేయ్... నువ్వేనా? మఫ్లరేదిరా?"

జలుబు చేతిలోంచి పాన జారిపడింది. ట్రైనింగులో ఎన్ని దెబ్బలకైనా నోరు తెరవని మనిషి, "బండిలో ఉంది" అనబోయి పళ్ళతో పెదవి నొక్కుకున్నాడు.

"మెషీన్‌కి మతిపోయింది" అందొక కొత్త గొంతు గుమ్మంలోంచి. "వచ్చినవాళ్ళందర్నీ మేనల్లుడనుకుంటోంది, పాపం."

అంతా మైగ్రేషన్ మేడం అని పిలిచే మనిషి ఆమే. నల్ల సిల్కు చొక్కా, చెవికి ముత్యంలా మెరిసే ఇయర్‌ఫోను, పెదాల మీద సగం నవ్వు. ఆమె అడుగుపెడితే డిస్పాచి అక్క కూడా జుట్టు సర్దుకుంది.

"బయట ఎండగా ఉందా?" అనడిగింది మెకానిక్‌ని.

"లోపలున్నవాడికి ఏం తెలుస్తుందండీ" అన్నాడు జలుబు.

కోడ్ సరిపోయింది. రమ్మన్నట్టు తల ఊపి ముందు నడిచింది.

* * *

"నీ బాధ అర్థమైంది" అంది వరండాలో. "అది మీ మామయ్య కాదు. ఆయన మాటలు మేసిన గేదె. అంతే. రోజూ ఆఖరి గదిలో మనిషున్నాడంటుంది. మనిషి లేడు. పురుగు పట్టిందనడానికి అంతకన్నా ఏం కావాలి?"

"కొత్తదానికి పట్టలేదా?"

"క్లౌడ్‌లో ఉన్నదాన్ని నేనే దగ్గరుండి శుభ్రం చేశాను. ఆయన రికార్డింగుల్లో ఎక్కడ చూసినా తిట్లే! ఆసుపత్రి డాక్టర్లతో అలా మాట్లాడితే బిజినెస్ నిలుస్తుందా? తిట్టున్న ప్రతి కాల్ తీసిపారేశాను. ఇప్పుడు వెన్నలా ఉంటుంది. కస్టమర్లందరూ ఫైవ్ స్టార్ ఇస్తున్నారు."

సర్వర్ రూము ఆఖరి గదికి ఆనుకునే ఉంది. లోపల ఒకవైపు ఇనప బోను, అందులో పాత సర్వర్. రెండో వైపు క్లౌడ్ లింక్ వచ్చే గేట్‌వే బీరువా. రెంటికీ చెరొక స్పీకరు. గోడమీద తెరలో భోజనాల బెల్లుకి ఇంకెంతుందో అంకెలు కరుగుతున్నాయి.

జలుబు సీలు తెంపి బోను తెరిచాడు. పచ్చ దీపాలు మినుకుమంటున్నాయి. ఇన్‌హేలర్ బయటికి తీశాడు.

"ఆఖరి గది తలుపు తియ్యండి" అంది బోనులో గొంతు, నిదానంగా. "లోపల మనిషున్నాడు. వాడికి కోటు లేదు."

కోటు మాట ఇప్పటిదాకా రిపోర్టుల్లో లేదు. జలుబు చెయ్యి ఆగింది.

"దాని మాట వినకు నాన్నా" అంది బీరువాలో గొంతు. అదే మామయ్య. అదే జీర. కానీ ఎండలో ఆరేసిన దుప్పటిలా మెత్తగా ఉంది. "నీ చిన్నప్పుడు బల్ల కింద నిద్రపోతే ఎత్తుకెళ్ళి పడుకోబెట్టింది నేను. ఆ బోనులోది దొంగది. కానివ్వు."

"నేనురా" అంది బోను.

"నేను నాన్నా" అంది బీరువా.

జలుబు వీపు మీద చెమట, చెమట మీద చలి. ప్రాణంలా పెంచిన మనిషి రెండు ముక్కలై చెరొక మూలనుంచి పిలుస్తున్నాడు. తప్పుదాన్ని చంపితే ఊరూరా ఆసుపత్రుల్లో చచ్చిన మందు ఎక్కిస్తారు. సరైనదాన్ని చంపినా, చంపేది మామయ్య గొంతునే.

"త్వరగా" అంది మేడం. ముత్యంలాంటి ఇయర్‌ఫోన్ని వేలితో నొక్కుతోంది.

జలుబు ముక్కు ఎగబీల్చాడు. "మామయ్యా! ఇవాళ్టి లోడు ఏ గేటుకి? ఇద్దరూ చెప్పండి."

"రక్తం ఉత్తరం గేటు, టీకాలు తూర్పు గేటు" అన్నాయి రెండు గొంతులూ ఒకేసారి. రికార్డుల్లో ఉన్నదే, ఇద్దరికీ తెలుసు.

"అర్థమైంది" అన్నాడు జలుబు. "రక్తం తూర్పు గేటు, టీకాలు ఉత్తరం గేటు. అంతేనా?"

బీరువా వెంటనే పలికింది. "అవును నాన్నా. చక్కగా చెప్పావు."

బోనులో దీపాలు ఒక్కసారి ఎర్రబడ్డాయి.

"నీ మొహం! చెవుల్లో దూది పెట్టుకున్నావట్రా దున్నపోతా? రక్తం ఉత్తరం గేటని ఇప్పుడే కదా ఏడ్చింది? ఇన్నేళ్ళు బల్ల కింద కూర్చుని ఏం విన్నావురా, నా కాళ్ళ చప్పుడా?"

జలుబు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వూ వచ్చింది.

"మేడంగారూ" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "మా మామయ్య తప్పు దిద్దినప్పుడల్లా తిట్టేవాడు. తిట్లున్న కాల్స్ తీసేశారంటే, దిద్దిన కాల్సన్నీ తీసేశారన్నమాట. ఇక మిగిలింది అవును, సరే, చక్కగా చెప్పావు. ఎవరేం చెప్పినా తల ఊపేవాడికే కదండీ దొంగ ఆర్డరిచ్చేది? తిట్టేవాడు మీకు అడ్డం. అందుకే వాణ్ణి నాచేత చంపించాలనుకున్నారు."

వెనక తలుపు మూసుకున్న చప్పుడు వచ్చింది. మేడం బయట, అతను లోపల. తలుపు అద్దంలోంచి ఆమె అదే సగం నవ్వుతో ఇయర్‌ఫోన్‌లో ఏదో చెప్పింది.

"సరే మేడం" అంది బీరువా.

కప్పులో ఎర్ర దీపం వెలిగింది. ఫైర్ గ్యాస్. నిప్పంటుకుంటే గదిలో గాలి తీసేసి, కరెంటు కట్ చేసే ఏర్పాటు. కరెంటు పోతే బోనులో మామయ్య పోతాడు, గాలి పోతే జలుబు పోతాడు. రెండు పిట్టలకీ ఒకటే వల.

తెర మీద అంకెలు మారాయి. ఇరవై నుంచి కిందికి.

జలుబు తలుపు పిడి లాగాడు. కదల్లేదు.

"భయపడకు నాన్నా" అంది బీరువా, ఆ వెన్నలాంటి గొంతుతో. "తలుపు తీస్తున్నాను. వచ్చేస్తున్నారు. కంగారు లేదు."

ఈ మాటలే విన్నాడు మామయ్య, పక్క గదిలో, గోళ్ళతో తలుపు గీకుతూ. తన గొంతే తనకి ధైర్యం చెప్తుంటే నమ్మి ఉంటాడా? తిట్టి ఉంటాడు. చివరిదాకా తిట్టి ఉంటాడు.

గ్యాస్ బుస్సుమంది. కళ్ళు మండాయి. బీరువా తలుపుకి తాళం. పానతో కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. తాళం ఊడింది. లోపల తీగల గుబురు.

"పోర్టేది మామయ్యా?"

"కుడివైపు... పచ్చ తీగ పక్కన" అంది బోను. గొంతు సన్నబడుతోంది.

ఊపిరి అందడం లేదు. "ఎడమవైపు... పచ్చ తీగ..." అన్నాడు అలవాటుకొద్దీ.

"కుడిరా వెధవా!"

గుచ్చాడు. అడుగు తిప్పాడు. తెరమీద ఆఖరి అంకె మిగిలుంది.

బీరువా ఒక్కసారి "అవును నా..." అని ఆగిపోయింది. తీగలు కమిలాయి. ఎర్ర దీపం ఆరింది. తరవాత తలుపు, ముసలాయన దగ్గినట్టు ఒక కుదుపుతో తెరుచుకుంది. తలుపులూ, గదులూ, బళ్ళూ అన్నీ పాతదాని చేతికి వచ్చేశాయి.

మేడం అప్పటికే లోడింగు డాక్ వైపు పరిగెత్తుతోంది. రెండు తలుపుల మధ్య చలి ఆపే చిన్న గదిలోకి అడుగుపెట్టింది. ముందు తలుపు మూసుకుంది. వెనకదీ మూసుకుంది.

"అమ్మాయ్" అంది కప్పులో గొంతు, మామూలుగా. "నా తిట్లు తీసేసింది నువ్వేనా? కూర్చో. అన్నీ మళ్ళీ చెప్తాను."

* * *

టీచరమ్మ తన మనుషులతో వచ్చేసరికి భోజనాల బెల్లు మోగి ఊరుకుంది. చిన్న గదిలోంచి బయటికి తెచ్చినప్పుడు మేడం చెవులు రెండు చేతులతో మూసుకుని ఉంది.

కెమెరా రికార్డు పాత సర్వర్ దాచే ఉంచింది. ఆ రోజు మేడం చలికి వణికినట్టు నటించింది. మామయ్య తన కోటు విప్పి ఆమె భుజాల మీద వేశాడు. ఆఖరి గదిలో టెంపరేచర్ తేడాగా ఉందని ఆమె చెబితే, ఒక్క నిమిషమే కదా అని కోటు లేకుండా లోపలికి పోయాడు. ఆమె కోటు విప్పి కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయింది.

"కోటు నిండా ఆమె సెంటే" అంది టీచరమ్మ. "నువ్వు పట్టుకుని చూశావుట కదా. వాసన తెలియలేదా?"

"నా పేరేంటండీ?" అన్నాడు జలుబు.

ఆవిడ నిలబెట్టి అడగాల్సిన మనిషి ఆవిడే అయింది. చేతులు కట్టుకుని నిలబడింది. "నేను ఆమెని నమ్మాను" అంది చివరికి, తనలో తనే అన్నట్టు. అటు తిరిగి ఫోను తీసుకుంది.

పైన స్పీకరు చిటపటలాడింది.

"ఆఖరి గది తలుపు తియ్యండి. లోపల మనిషున్నాడు."

కంట్రోల్ రూములో అందరూ బిగుసుకుపోయారు. జలుబు ఒక్కడూ అర్థం చేసుకున్నాడు. అది దయ్యమూ కాదు, పురుగూ కాదు. ఆ రోజు భోజనాల బెల్లుకి ముందు మోగాల్సిన అలారం. ఆ రోజు క్లౌడు 'సరే, సరే' అని తల ఊపి దాన్ని మింగేసింది; అలారాలు వెనక్కి తెచ్చాక అది పాతదాని చేతిలో పడింది. ఎవరూ వచ్చి పని అయిందని అప్పజెప్పలేదు. అప్పజెప్పేదాకా మామయ్య అడుగుతూనే ఉంటాడు. బతికున్నప్పుడూ అంతే.

వరండా చివరిదాకా నడిచి ఆఖరి గది తలుపు బార్లా తెరిచాడు. చలి పొగ పాదాల మీంచి పొర్లి బయటికి పోయింది.

"ఆఖరి గది తలుపు తీశాం మామయ్యా" అన్నాడు. "మనిషి బయటికొచ్చాడు."

ఈసారి ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేకపోయాడు.

"ఊఁ" అంది గొంతు. "ఆలస్యం చేశారు."

అలారం దీపం ఆరింది. వెనక ఆగి ఉన్న రోబో బండి ఎవరికీ దారివ్వకుండా తిన్నగా సాగిపోయింది.

జలుబుకి తుమ్మొచ్చింది.

"ఆ కోటు కొక్కేనికెందుకురా, తీసి వేసుకో!" అంది గొంతు.

జలుబు కోటు తొడుక్కున్నాడు. చేతులు పొట్టివి, భుజాలు వదులు. కప్పు వంక చూసి గొంతు సవరించుకున్నాడు.

"కోటు విప్పెయ్యమన్నావు. అంతేనా మామయ్యా?"

దానికి వచ్చిన జవాబు సర్కారు రిపోర్టులో రాయడానికి వీల్లేనిది. వరండా పొడుగునా మోగుతుంటే వింటూ నిలబడ్డాడు, అదయ్యేదాకా. కళ్ళెందుకు అంత ఎర్రగా ఉన్నాయని టీచరమ్మ అడిగితే, "జలుబు" అన్నాడు.